కిలియన్ అచ్చుపోసిన పునీతుడు

ప్రభువు నా నాలుకను కాపాడుగాక. ఇందులో అబద్ధాలన్నీ కిలియన్‌వి, సిగ్గు మాత్రం మా అందరిదీ. కాస్త దగ్గరికి జరగండి, వెనక కూర్చున్న అమ్మలకి కూడా వినపడాలి.

మాది ఒబర్‌వైడెన్. మైన్ నది పక్కన బుట్టలల్లుకుని బతికిన ఊరు. ఇప్పుడు బుట్టలల్లే చేతులు తగ్గిపోయి, పొడిని పొర మీద పొర పరిచి లేజరుతో అతికించి వస్తువులు తీసే, లోయలో వెలిసిన త్రీడీ అచ్చుల ఫ్యాక్టరీలకి పోయే చేతులెక్కువయ్యాయి. మా ఊరి పునీతుడు దియోనీసియు. విశ్వాసం వదలనన్నందుకు తల నరికితే, కిందపడ్డ తలను తన రెండు చేతులతో తనే ఎత్తుకుని నడిచిపోయిన మహానుభావుడు. అందుకని మా గుళ్ళో ఆయన కొయ్య బొమ్మకి మెడ మీద ఏమీ ఉండదు. తల చేతుల్లో ఉంటుంది, రొమ్ముకి ఆనించి, చంటిబిడ్డని పట్టుకున్నట్టు. ఏటా వేసవి మొదట్లో ఆయన్ని పల్లకీలో పెట్టి నలుగురం భుజాలకెత్తుకుని కొండమీది పద్నాలుగుమంది పునీతుల గుడికి నడిచి వెళ్తాం. పోయినేడు సగం కొండెక్కేసరికి ఆయన పాదం, పురుగు తొలిచిన పాదం, ముక్కలై నా మీద రాలింది. ఇక ఆ బొమ్మని కదిలిస్తే పాపమేనన్నారు ఫాదరు గారు.

అప్పుడన్నాడు లోయలో ఫ్యాక్టరీకి పోయే మా కిలియన్, "నేను అచ్చుపోసి ఇస్తాను. అచ్చం అదే పునీతుణ్ణి. దూదిలా తేలిగ్గా."

అన్నది ఎక్కడనుకున్నారు? కునిగుండమ్మ సత్రంలో, పొయ్యి పక్కన మా గుండ్రబల్ల దగ్గర. బీరు కాచేది ఆవిడే, పందిని కోసేది ఆవిడే, మమ్మల్ని ఇంటికి తరిమేదీ ఆవిడే. చలికాలమంతా కిలియన్ చెబుతుంటే మేం చప్పట్లు కొట్టాం. ఫాదరు గారు కూడా మాటిచ్చేశారు, బొమ్మ సిద్ధమైతే ఈ ఏడు దారి పొడుగునా పునీతుల పేర్లు వరసగా పిలిచే ప్రార్థనమాలని ముందుండి పాడేది కిలియనేనని. పొట్టివాడని ఏనాడూ పల్లకీ కొమ్ము అందని మనిషి. ఊరంతా తన వెనక "మా కొరకు ప్రార్థించండి" అంటూ బదులు పలకడమంటే అతనికి సగం మోక్షం.

సరే, ఆ ఆదివారం వచ్చింది. పూజ అయింది. మోసే నలుగురం నల్లకోట్లు తొడుక్కుని బల్ల దగ్గరున్నాం. నేను ఓట్మార్‌ని, నా పక్కన బుట్టలల్లే గంగోల్ఫ్, ఆ పక్కన కవలలిద్దరు. వాళ్ళు మాట్లాడరు, తింటారు. కిలియన్ వ్యాను పెరట్లో ఉంది. లోపల దుప్పటి కింద పునీతుడు. రెండో గంట కొట్టగానే ఎత్తుకోవాలి.

"ఒకసారి చూపించరా," అన్నాడు గంగోల్ఫ్.

"కొత్త అచ్చు. గాలి తగలకూడదు," అన్నాడు కిలియన్. తన కూజా మూత తెరిచి పెట్టాడు, అంటే ఇంకా పొయ్యమని. "గంట కొట్టాక చూద్దురుగాని. ఈలోగా అసలు ఆ సరుకు ఎలా పుట్టిందో చెప్తాను. నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదని మీకందరికీ తెలుసు."

"తెలుసు తెలుసు. ఫ్యాక్టరీలో జల్లెడ పట్టేవాడివి, గొప్పలెక్కణ్ణుంచి వస్తాయి?"

"అదే చెప్పబోతున్నా గంగోల్ఫూ, నువ్వు నా నోట్లోంచి మాట లాక్కున్నావు! జల్లెడే. అచ్చు అయ్యాక మిగిలిన పొడిని జల్లించి మళ్ళీ వాడుకోవాలి కదా, ఆ పని నాది. ఒకరోజు పొడి ఉండ కడుతోంది. పొర సాఫీగా పరుచుకోవడం లేదు, లేజరు వెళ్ళి గుంటల్లో పడుతోంది. ఇంజినీరమ్మ తల పట్టుకుంది. నేను జపమాల తీసి మూడుసార్లు మరియమ్మని తలుచుకుని, పొడిని మా ఇంటికి తీసుకుపోయి రొట్టెల పొయ్యి మీద ఆరబెట్టాను. పొద్దున్నకి ఇసుకగడియారంలో ఇసుకలా జారింది. ఇంజినీరమ్మ అంది కదా, 'కిలియన్, ఇది మాకు తట్టలేదు' అని. అంతే. ఇదేమంత గొప్పా? కాదు. తేమ సంగతి మా అమ్మకి కూడా తెలుసు."

ఇంతవరకూ నిజమేననుకుంటాను. ఎందుకంటే ఇంతవరకూ అతను చేతులు ఊపలేదు.

"కానీ ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాకు ధైర్యమొచ్చింది. ఈ పొడులన్నీ ఎక్కడో దూరాన చేసినవి, మన నేల వాసన లేనివి, మన చెట్టు పొడి ఎందుకు పనికిరాదు అనిపించింది. గంగోల్ఫ్ బుట్టల కొట్లో కింద రాలిన విల్లో చెట్టు బెరడంతా ఊడ్చుకుపోయాను."

"అదా! నేను ఎలకలనుకున్నా."

"ఎలకలకి అంత తెలివెక్కడిది? బెరడుని మెత్తగా దంచి, చెట్టు జిగురు కలిపి, పొరమీద పొర వేసి ఒక బుట్ట అచ్చు తీశాను. చిన్నది, గుడ్లు పెట్టుకోడానికి. కిటికీలో పెట్టి పడుకున్నాను. పొద్దున లేచి చూద్దును కదా, చిగురేసింది! పిడికి రెండు వైపులా ఆకులు. ఓహో, సరుకు ఇంకా బతికే ఉందన్నమాట అనుకుని నీళ్ళు పోశాను. వారానికల్లా పూత, పూతకి తేనెటీగలు. వేర్లు కిటికీ చెక్కలోంచి గోడలోకి, గోడలోంచి పక్కింటి స్నానాలగదిలోకి. చివరికి బుట్టని పెరట్లో నాటాను. ఇప్పుడది ఒంటె అంత ఎత్తుంది. లోపల పదిమంది కూచోవచ్చు. పోయిన శరదృతువులో దాని కొమ్మలు కోసి ఇంకో పాతిక బుట్టలల్లాను, అవీ చిగురేశాయి."

"నీ పెరట్లో నాకు కోళ్ళు తప్ప ఏమీ కనపడలేదే," అన్నాను నేను.

"బుట్ట లోపలున్నాయి కోళ్ళు, ఓట్మారూ. నువ్వు చూసింది బుట్ట లోపలి నుంచి."

మేం బల్ల చరిచి నవ్వాం. ఎవరైనా నవ్వుతారు. నవ్వితే కిలియన్ ముఖం ఎలా వెలుగుతుందంటే, పీఠం మీద కొవ్వొత్తి వెలిగించినట్టే. ఆ వెలుగు చూడ్డానికే మేం ఇంకోటి, ఇంకోటి అని అడుగుతూ ఉంటాం. దేవుడా, ఎన్నిసార్లడిగాం.

పెరటి తలుపు సందులోంచి కునిగుండమ్మ తొంగిచూసింది. "జనం చేరుతున్నారు. పిల్లలకి తెల్ల గౌన్లు వేసేశారు. మొదటి గంట కొట్టేస్తారు."

"కొట్టనీండమ్మా, కొట్టనీండి! ఆవిడ వచ్చింది కనుక ఆవిడ బీరు సంగతే చెప్తాను. తేలికైన సరుకు కావాలి కదా పునీతుడికి? లోకంలో అన్నింటికన్నా తేలికైనదేది? కునిగుండమ్మ బీరు మీది నురగ! పట్టుకుంటే ఉండదు, వదిలితే పోదు. నురగని గరిటెతో తీసి, చలిలో గడ్డకట్టించి, ఆ గడ్డ చెదిరేలోపే లేజరు కొట్టాలి. కంటిరెప్ప పడేంత వ్యవధి కూడా లేదు. నేను రెప్ప వెయ్యకుండా ఒక వారం ఉన్నాను."

"నిద్ర?"

"కళ్ళు తెరిచే పడుకున్నాను. పూజలో ఫాదరు గారి ప్రసంగం వినేటప్పుడు మీరు చెయ్యరా, అలాగే. సరే, నురగతో ఒక కుర్చీ అచ్చు తీశాను. తూకం వేస్తే ముల్లు వెనక్కి తిరిగింది. ఇంజినీరమ్మ నమ్మలేదు. కూర్చుని చూస్తానంది. కూర్చుంది. ఆ తర్వాత ఏమైంది?"

"విరిగిందా?"

"లేచింది! కుర్చీ, దాని మీద ఆవిడ, చేతిలో కాఫీ కప్పు, అలా నిమ్మళంగా పైకి. మేం చీలమండ పట్టుకుందుం కదా, బూటు చేతికొచ్చింది. పైన వెంటిలేటరు తెరిచి ఉంది. అందులోంచి బయటికి, మైన్ నది మీదుగా, గాలివాలున నేరుగా ఉంటర్‌వైడెన్ గుడి శిఖరం మీదికి. ఆ ఊరివాళ్ళ సంగతి మీకు తెలుసు కదా. దేవదూత దిగివస్తోందని గంటలన్నీ కొట్టేసి మోకాళ్ళూనారు. ఆవిడ పైనుంచి 'నిచ్చెన తెండర్రా' అని అరుస్తుంటే, అది సువార్త అనుకుని రాసుకున్నారట!"

ఉంటర్‌వైడెన్ అంటే మా కిందూరు. వాళ్ళు పునీత బార్బరాని మోస్తారు. మా పల్లకీ కన్నా వాళ్ళ పల్లకీ ముందు కొండెక్కిందంటే ఏడాదంతా మేం తలెత్తుకోలేం. అందుకని ఈ ముక్కకి కవలలు కూడా నవ్వారు. నోట్లో సాసేజి ఉన్నా నవ్వారు.

మొదటి గంట మోగింది.

గంగోల్ఫ్ కోటు గుండీలు పెట్టుకున్నాడు. "బాగుంది. ఇక తెద్దాం పద పునీతుణ్ణి."

"ఇంకా రెండో గంట ఉంది," అన్నాడు కిలియన్. కూజా ఎత్తాడు, అందులో ఏమీ లేదు, అయినా తాగాడు. "కూచో. అసలుది చెప్పనే లేదు. సరుకు సరే, పద్ధతి? పద్ధతి సంగతి వినకుండా పునీతుణ్ణి తాకకూడదు. మిషను అక్కర్లేదని కనిపెట్టాను నేను! పొర మీద పొర పడాలంటే కావలసింది లయ. ప్రార్థనమాలలో ఉన్నదేమిటి? లయ. ఒక పునీతుడి పేరు, ఒక 'మా కొరకు ప్రార్థించండి.' ఒక పేరు, ఒక పొర. మా ఆవిడ కలిపిన బంగాళాదుంప పిండి ముందు మోకాళ్ళూని ప్రార్థనమాల చదివాను. పిండి దానంతటదే లేచి పొరలు పొరలుగా, పద్నాలుగు పేర్లు అయ్యేసరికి పద్నాలుగు ఉండలు, గుండ్రంగా, ఒక్కోదాని మీద ఒక్కో పునీతుడి ముఖం. తినబుద్ధి కాలేదు."

"తిన్నావా?"

"బార్బరాని తిన్నాను. కిందూరి ఆవిడే కదా."

"ఒరేయ్, పాపం రా!" అన్నాను, నవ్వుతూనే.

"ఫాదరు గారి దగ్గర ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకున్నాలే. ఆ ఏడు వరద వచ్చి వంతెన కొట్టుకుపోయింది చూశారూ? మర్నాడు మళ్ళీ ఉంది కదా? ఎవరు కట్టారనుకున్నారు? ఒడ్డున నిలబడి ఎలుగెత్తి చదివాను. నది మట్టి లేచి పొర, పొర, పొర. నడుమ దాకా వచ్చాక దగ్గొచ్చింది. అందుకే అక్కడ ఇప్పటికీ ఒక గతుకు ఉంటుంది, మీ సైకిళ్ళు ఎగురుతాయి. అంతటితో ఆగానా? బూడిద బుధవారం గుళ్ళో నుదుట పెట్టే బూడిదని జల్లెడపట్టి అందులోంచి ఒక రోజుని అచ్చు తీశాను. సోమవారానికీ మంగళవారానికీ మధ్య ఇంకో ఆదివారం! ఎవరికీ చెప్పలేదు. నేనొక్కణ్ణే లేచి, నేనొక్కణ్ణే గుడికెళ్ళి, ఇక్కడికొచ్చి చూస్తే మీరంతా సోమవారంలోనే కదలకుండా కూచునున్నారు, గంగోల్ఫ్ నోరు తెరుచుకుని. ఈగ దూరబోతుంటే నేనే తోలాను."

గంగోల్ఫ్ లేచాడు. "పెరట్లోకి పోయొస్తాను. ఇంత బీరు పట్టుకుని కొండెక్కలేను."

అతను వెళ్ళడం కిలియన్ చూశాడు. నేనూ చూశాను. కిలియన్ గొంతు ఒక మెట్టు పైకెక్కింది, ఇంకా వేగంగా, ఊపిరి పీల్చడం కూడా మానేసి అందుకున్నాడు.

"ఇక దియోనీసియు! ఆయన్ని దేనితో చేశాననుకున్నారు? బెరడూ, నురగా, బూడిదా మూడూ కలిపి. బతికుండాలని బెరడు, తేలాలని నురగ, ఎప్పటికీ ఆదివారమే కావాలని బూడిద. మీ భుజాలకి ఇవాళ పని లేదు. కొమ్ములు ఊరికే పట్టుకోండి, మర్యాదకి. ఆయనే నడుస్తాడు! మొన్న రాత్రే ఇంట్లో లేచి తిరుగుతుంటే మా ఆవిడ చీపురు పట్టుకుని బయటికొచ్చింది. నడవడమేమిటి, కొండెక్కి తిరిగొచ్చాడు, బూట్లకి మట్టి. మాట్లాడతాడు కూడా. చేతుల్లో ఉన్న ఆ తల నోరు విప్పి నాతో ఏమన్నదంటే, 'కిలియన్, నా పాత ఒంటి కన్నా ఇదే...'"

పెరటి తలుపు తెరుచుకుంది.

గంగోల్ఫ్ గుమ్మంలో నిలబడ్డాడు. టోపీ చేతిలో ఉంది. చలికాలమంతా కిలియన్ని ఆటపట్టించిన మనిషి. ఏం దొరికినా వదలని మనిషి. ఆ క్షణంలో అతను నవ్వి ఉంటే ఎంత బాగుండేదో.

"కిలియన్," అన్నాడు నెమ్మదిగా. "ఆయనకి రెండు తలలున్నాయి."

కవలల దవడలు ఆగిపోయాయి.

"అది... కొత్త పద్ధతిలో అలాగే..." అని మొదలెట్టాడు కిలియన్. చేతులు పైకి లేచాయి, గాలిలో ఏదో పట్టుకోబోయాయి. మా ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. నా వంతు వచ్చేసరికి నేను కూజాలోకి చూశాను. అతని చేతులు దిగాయి.

"ఒకటి చేతుల్లో ఉంది," అన్నాడు గంగోల్ఫ్. "ఒకటి మెడ మీద ఉంది. ఒకేలా ఉన్నాయి."

కిలియన్ బల్ల అంచుని బొటనవేలితో రుద్దుతూ చెప్పాడు. అంత చిన్న మాటలు అతని నోట నేనెప్పుడూ వినలేదు. కొయ్య బొమ్మని అన్ని వైపులా కొలిచి కంప్యూటరుకి ఎక్కించాడు. కొలతలో ఎక్కడైనా చిల్లులుంటే పూడ్చడానికి అందులో ఒక బొత్తాం ఉంటుంది. బొమ్మని సరిదిద్దేది. అది నొక్కాడు. మనిషికి మెడ పైన ఏమీ లేకపోతే దాని లెక్కన అది చిల్లే. చేతుల్లో ఉన్న తలని చూసి, అలాంటిదే ఇంకోటి చేసి మెడ మీద పెట్టేసింది.

"నువ్వు చూడలేదా?" అన్నాడు గంగోల్ఫ్. "అంత సేపు అచ్చు పడుతుంటే?"

"ఇక్కడికొచ్చాను," అన్నాడు కిలియన్. "నొక్కి, మిషను తిప్పి, ఇక్కడికొచ్చాను. అప్పటికే మీరంతా చేరారు కదా. మళ్ళీ తియ్యడానికి టైము లేకపోయింది."

ఆ సాయంత్రం నాకు గుర్తుంది. అతను నడిమధ్యలో లేచి, పని ఉంది వెళ్ళాలి అన్నాడు. కోటు పట్టుకుని లాగి కూర్చోబెట్టింది నేను. ఇంకోటి చెప్పి పో అన్నది నేను. ఆ మాట బల్ల దగ్గర పైకి అనలేదు. ఇప్పుడు మీ ముందంటున్నాను, అదీ చాలా ఆలస్యంగా.

కునిగుండమ్మ ఫాదరు గారికి కబురు పెట్టింది. ఆయన పూజ వస్త్రాలతోనే వచ్చారు. మేం పునీతుణ్ణి లోపలికి తెచ్చి దుప్పటి తీశాం. బాగా చేశాడండీ. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. వస్త్రం మడతలు, వేళ్ళ గోళ్ళు, చేతుల్లోని తలకి మూసిన కనురెప్పలు. పైన మెడ మీద మళ్ళీ అవే మూసిన కనురెప్పలు. తన తలని తనే ఎత్తుకున్నానని ఆ తలకి తెలియనట్టుంది.

ఎవరూ నవ్వలేదు.

కిటికీ బయట బాకాలు వినపడ్డాయి. ఉంటర్‌వైడెన్ వాళ్ళు మా వీధి మీదుగానే పోతున్నారు, బార్బరాని ఎత్తుకుని. కునిగుండమ్మ వెళ్ళి తెర లాగేసింది.

"ఇంకా ఆశీర్వదించలేదు," అన్నారు ఫాదరు గారు బొమ్మ చుట్టూ తిరిగి చూశాక. "ఆశీర్వదించేదాకా ఇది ప్లాస్టిక్కే. ఆశీర్వదించాక అయితే నేను చచ్చినా ఒప్పుకోను. ఇప్పుడు... కొయ్యవచ్చు."

కునిగుండమ్మ లోపలికెళ్ళి ఎముకలు కోసే రంపం తెచ్చింది. కడిగి, తుడిచి, తెల్లగుడ్డ పరిచి దాని మీద పెట్టింది. గంగోల్ఫ్ దాన్ని పిడి పట్టి ఎత్తాడు. బొమ్మ మెడ దగ్గర పెట్టాడు. మళ్ళీ తీసేశాడు.

"నావల్ల కాదు," అన్నాడు. "ఆ రోజు ఆయన మెడ మీద కత్తి పెట్టినవాడు దేవుణ్ణి ఎరగనివాడు. నేను ఎరిగినవాణ్ణి."

కవలలు తలలు తిప్పుకున్నారు. ఫాదరు గారు ఎవరి వంకా చూడలేదు. గదిలో ఎవరూ 'నువ్వే' అనలేదు. కానీ ఎవరూ 'వద్దు' అని కూడా అనలేదు.

కిలియన్ రంపం తీసుకున్నాడు. ముందు బొమ్మ ఎదుట మోకాళ్ళూనాడు. కొయ్యబోయే తల వైపు కాదు, చేతుల్లో ఉన్న తల వైపు తిరిగి ఏదో అన్నాడు. పొయ్యిలో నిప్పు చిటపటలాడినా, వీధిలో బాకాలు మోగినా తన మాటే పైన వినపడాలని చూసే మనిషి. అతను ఏమన్నాడో వినడానికి మేమందరం ముందుకి వంగాం. అయినా నాకు ఒక్క మాటే అందింది. క్షమించు అని.

లేచి, ముఖం కనపడకుండా వెనక వైపు నుంచి రంపం పెట్టాడు. పళ్ళు పట్టుకోలేదు, బొమ్మ జారింది. ఒంటికి బరువు లేదు కదా, దూదిలా చేశాడు.

"పట్టుకోవాలి ఎవరైనా," అన్నాడు.

నేను భుజాలు పట్టుకున్నాను. గంగోల్ఫ్ నడుము పట్టుకున్నాడు. కవలలు పాదాల దగ్గర కూచుని అదిమారు. ఏటా ఆ భుజాలు పడిపోకుండా కాసినవాళ్ళం, ఇప్పుడు అవి కదలకుండా తొక్కిపట్టాం.

రెండో గంట మోగింది.

"ఇంకాస్త గట్టిగా," అన్నాడు కిలియన్, వినీ వినపడనట్టు.

గట్టిగా పట్టుకున్నాం.